జబ్బు లేనివాళ్లను ఎందుకు అడుగుతారు?

రక్తహీనత మీద మా పరిశోధన కోసం కిందటి వేసవిలో ఒక దళితవాడలో ప్రశ్నావళి పట్టుకుని తిరుగుతున్నాం. రక్తం బాగా తక్కువగా ఉందని పరీక్షలో తేలిన ఒకామె ఇంట్లో ముప్పావు గంట కూర్చున్నాం. తర్వాత అదే వీధిలో, అదే వయసులో, రక్తం సరిపడా ఉన్న ఇంకొకామె దగ్గరికి వెళ్లి అవే ప్రశ్నలు మొదలుపెట్టాం. ఏం తింటారు, ఎన్ని పూటలు, నీళ్లు ఎక్కడివి, కాన్పులు ఎన్ని. నాలుగైదు ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పి ఆమె ఆగిపోయింది.

"నాకేం రోగం లేదు గద సారూ. రోగమున్నామె ఆ ఇంట్ల ఉన్నది. మరి నన్నెందుకు అడుగుతున్నరు?"

"పోల్చి చూడ్డానికమ్మా" అని ఏదో చెప్పి బయటపడ్డాం. ఆమెకు అది జవాబుగా అనిపించలేదని ముఖం చూస్తేనే తెలిసింది. నిజానికి ఆమె అడిగిన ప్రశ్న చిన్నది కాదు. జబ్బుల కారణాలు వెతికే పద్ధతుల్లో ఎక్కువగా వాడే ఒకదాని గుండెకాయ ఆ ప్రశ్నే. ఆ పద్ధతి పేరు కేస్-కంట్రోల్ అధ్యయనం. మన ఊళ్లలో ఏదైనా జబ్బు ప్రబలితే ప్రభుత్వ బృందాలు వచ్చి చేసేది చాలాసార్లు ఇదే. దాని ఫలితం మీదే 'నీళ్ల వల్ల' అనో, 'వాళ్ల అలవాట్ల వల్ల' అనో తీర్పు వెలువడుతుంది. ఆ తీర్పు ఎలా తయారవుతుందో ఉద్యమాల్లో ఉన్నవాళ్లకూ విద్యార్థులకూ తెలిసి ఉండాలని మా అభిప్రాయం. ఎందుకంటే ఆ తీర్పులో మనం పదే పదే ముద్దాయిలుగా నిలబడుతున్నాం.

ముందు ఆమెకు ఇవ్వాల్సిన జవాబు. ఒక వాడలో రక్తహీనత ఉన్న పదిమందినే అడిగామనుకుందాం. పదిమందీ అన్నం తిన్న వెంటనే టీ తాగుతామన్నారు. కారణం దొరికిందని సంబరపడతాం. కానీ ఆ వాడలో అందరూ అన్నం తిన్న వెంటనే టీ తాగేవాళ్లే అయితే? జబ్బు ఉన్నవాళ్లలో ఒక అలవాటు ఎంత ఉందో తెలిస్తే చాలదు. జబ్బు లేనివాళ్లలో అది ఎంత ఉందో కూడా తెలియాలి. ఇద్దరిలోనూ సమానంగా ఉంటే ఆ అలవాటుకు జబ్బుతో సంబంధం చెప్పలేం. జబ్బు ఉన్నవాళ్లలో గణనీయంగా ఎక్కువ ఉంటే అనుమానించాలి. జబ్బు ఉన్నవాళ్లను 'కేసులు' అంటారు, లేనివాళ్లను 'కంట్రోల్స్' అంటారు. ఇద్దరినీ గతం గురించి ఒకే రకంగా అడుగుతారు. కంట్రోల్స్ చెప్పే జవాబులే కొలబద్ద. కొలబద్ద లేని కొలత కొలతే కాదు.

ఇదే పని ఇంకో రకంగానూ చేయొచ్చు. ఆరోగ్యంగా ఉన్న వేలమందిని ఎంచుకుని, వాళ్ల అలవాట్లు రాసుకుని, ఎవరికి జబ్బు వస్తుందో ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండొచ్చు. దాన్ని కోహార్ట్ అధ్యయనం అంటారు. అది బలమైన పద్ధతే. కానీ పదివేల మందిలో ఒకరికి వచ్చే జబ్బయితే, వంద కేసులు చూడ్డానికి పది లక్షల మందిని వెంబడించాలి. పిల్లలు ఈ వారమే చనిపోతుంటే అంత తీరిక ఎక్కడిది? కేస్-కంట్రోల్ పద్ధతి కాలాన్ని తిరగేస్తుంది. జబ్బు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తుంది. తక్కువ మందితో, తక్కువ ఖర్చుతో, కొన్ని వారాల్లో జవాబు ఇవ్వగలదు. దాని బలం అదే, దాని ప్రమాదమూ అదే.

లెక్క ఎలా వేస్తారో ఒక నిజమైన ఉదాహరణతో చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు విపరీతంగా పెరిగాయి. రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్‌లోని 20 ఆసుపత్రుల్లో ఆ క్యాన్సర్ ఉన్న రోగులను, అవే ఆసుపత్రుల్లో వేరే జబ్బులతో ఉన్న రోగులను ప్రశ్నించారు. డాల్‌కు మొదట అనుమానం రోడ్లకు పూసే తారు మీద, మోటారు బండ్ల పొగ మీద. 1950లో వాళ్లు ప్రకటించిన లెక్కల్లో మగవాళ్ల సంగతి ఇలా ఉంది. క్యాన్సర్ ఉన్న 649 మందిలో పొగ తాగనివాళ్లు 2. క్యాన్సర్ లేని 649 మందిలో పొగ తాగనివాళ్లు 27.

ఈ అంకెలు చూసి చాలామంది పెదవి విరుస్తారు. అప్పట్లో అక్కడ మగవాళ్లు దాదాపు అందరూ పొగ తాగేవాళ్లే. క్యాన్సర్ ఉన్నవాళ్లలో 99.7 శాతం, లేనివాళ్లలో 95.8 శాతం తాగేవాళ్లు. ఈ మాత్రం తేడాకేనా ఇంత గోల అనిపిస్తుంది. ఇక్కడే 'ఆడ్స్' అనే లెక్క పనికొస్తుంది. కోడిపందేల్లో 'ఒకటికి మూడు' అంటారు చూడండి, అలాంటిదే. క్యాన్సర్ రోగుల్లో పొగ తాగేవాళ్లు 647, తాగనివాళ్లు 2. అంటే తాగని ఒక్కరికి తాగేవాళ్లు సుమారు 323 మంది. కంట్రోల్స్‌లో తాగేవాళ్లు 622, తాగనివాళ్లు 27. అంటే ఒకరికి 23 మంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 14 వస్తుంది. దీన్నే ఆడ్స్ రేషియో అంటారు. అది 1 అయితే సంబంధం కనిపించలేదని అర్థం. 1 కన్నా ఎక్కువైతే ఆ అలవాటు జబ్బు వైపు మొగ్గుతోందని, తక్కువైతే జబ్బు నుంచి కాపాడుతూ ఉండొచ్చని. జబ్బు అరుదైనదైతే ఈ అంకెను 'ముప్పు ఎన్ని రెట్లు' అని చదువుకోవచ్చు. 14 అంటే మామూలు విషయం కాదు. డాల్ పొగ తాగడం మానేశాడు.

ఈ ఫలితాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఆధునిక గణాంకశాస్త్రానికి పునాదులు వేసిన ఆర్.ఎ. ఫిషర్ గట్టిగా వ్యతిరేకించాడు. పొగ తాగాలనిపించడం, క్యాన్సర్ రావడం రెండూ ఒకే జన్యువు వల్ల కావొచ్చు కదా అన్నాడు. తర్కంగా చూస్తే అది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. కానీ ఫిషర్ యూజెనిక్స్ సమర్థకుడనీ, పొగాకు కంపెనీల సంఘానికి సలహాదారుగా ఉన్నాడనీ కూడా గుర్తుంచుకోవాలి. 'వాళ్లకు పుట్టుకతోనే అలా రాసి ఉంది' అనే వాదన మనం వేరే చోట్ల చాలాసార్లు విన్నదే. డాల్, హిల్ అక్కడితో ఊరుకోలేదు. 1951 నుంచి సుమారు 40 వేల మంది బ్రిటిష్ డాక్టర్లను వెంబడిస్తూ కోహార్ట్ అధ్యయనం చేశారు. అదీ అదే చెప్పింది.

ఈ పద్ధతి చరిత్ర డాల్‌తో మొదలైందని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. అంతకు ముందే, 1926లో, జానెట్ లేన్-క్లేపన్ అనే డాక్టరమ్మ రొమ్ము క్యాన్సర్ ఉన్న 500 మంది స్త్రీలను, లేని 500 మందిని పోల్చి ఇలాంటి అధ్యయనం చేసింది. ఆమె పేరు ఎంతమంది విద్యార్థులకు తెలుసో మేము వేరే చెప్పనక్కర్లేదు.

సంఖ్య చిన్నదైనా కొన్నిసార్లు చాలు. 1971లో అమెరికాలోని బోస్టన్‌లో యువతులకు అరుదైన యోని క్యాన్సర్ వస్తుంటే ఆర్థర్ హెర్బ్‌స్ట్ బృందం 8 కేసులను, ఒక్కో కేసుకు నలుగురు చొప్పున 32 కంట్రోల్స్‌ను పోల్చింది. 8 మందిలో ఏడుగురి తల్లులకు గర్భంతో ఉన్నప్పుడు గర్భస్రావం కాకుండా డీఈఎస్ అనే హార్మోన్ మందు ఇచ్చారు. 32 మందిలో ఒక్కరి తల్లికీ ఇవ్వలేదు. ఇరవై ఏళ్ల కింద తల్లి మింగిన మాత్రకూ బిడ్డ క్యాన్సర్‌కూ ఉన్న లంకెను 40 మందితో పట్టుకున్నారు. 'మీది చిన్న ఊరు, సరిపడా డేటా లేదు' అని అధికారులు చేతులు దులుపుకున్నప్పుడు ఈ సంగతి గుర్తుచేయాలి. అన్ని జబ్బుల్లోనూ ఇంత తేటగా బయటపడదు, అది వేరే మాట.

ముజఫర్‌పూర్‌లో ఏం అడిగారు

మనకు బాగా దగ్గరి ఉదాహరణ బిహార్‌లోని ముజఫర్‌పూర్. అక్కడ 1995 నుంచి మే, జూన్ నెలల్లో పిల్లలు ఉన్నట్టుండి మూర్ఛలు వచ్చి, స్పృహ తప్పి చనిపోయేవారు. రాత్రి బాగానే పడుకున్న పిల్ల తెల్లవారుజామున కొట్టుకునేది. ఊళ్లో దీన్ని 'చమ్కీ బుఖార్' అంటారు. మెదడువాపు వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు, తోటల్లో కొట్టే పురుగుమందు అన్నారు. వాన పడగానే ఆగిపోయేది, మళ్లీ వేసవికి వచ్చేది. ముజఫర్‌పూర్ లిచీ తోటలకు ప్రసిద్ధి, ఆ పండు కోతకొచ్చే కాలమూ అదే.

2014లో మే 26 నుంచి జులై 17 దాకా అక్కడి రెండు పెద్ద ఆసుపత్రుల్లో ఈ లక్షణాలతో 390 మంది పిల్లలు చేరారు. 122 మంది చనిపోయారు. భారత జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా సీడీసీ శాస్త్రవేత్తలు కలిసి అప్పుడు చేసిన కేస్-కంట్రోల్ అధ్యయనం 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. జబ్బు పడ్డ 104 మంది పిల్లలను, అదే వయసులో ఉండి అవే ఆసుపత్రుల్లో మెదడుకు సంబంధం లేని జబ్బులతో చేరిన 104 మంది పిల్లలను తీసుకున్నారు. జబ్బు మొదలవడానికి ముందు 24 గంటల్లో ఏం జరిగిందో పెద్దవాళ్లను అడిగారు. మిగతా ప్రశ్నలతో పాటు రెండు ప్రశ్నలు అడిగారు. పిల్ల లిచీ తిన్నదా? రాత్రి అన్నం తిన్నదా?

లిచీ తినడానికి ఆడ్స్ రేషియో 9.6. రాత్రి భోజనం లేకపోవడానికి 2.2. ఈ రెండంకెలు చూస్తే పండే పెద్ద దోషి అనిపిస్తుంది. కానీ ఆ బృందం అక్కడ ఆగకుండా ఇంకో లెక్క వేసింది. రాత్రి అన్నం తిన్న పిల్లల్లో లిచీ వల్ల ఆడ్స్ రేషియో 3.6. రాత్రి అన్నం తినని పిల్లల్లో అదే లిచీకి 7.8. పండు అదే. ఖాళీ కడుపులో పడినప్పుడు దాని ముప్పు రెండింతలు దాటింది.

ఇలా ఎందుకు జరుగుతుందో ప్రయోగశాల చెప్పింది. లిచీలో హైపోగ్లైసిన్ ఏ, ఎంసీపీజీ అనే రెండు పదార్థాలు ఉంటాయి. లిచీ కుంకుడు చెట్టు కుటుంబానికి చెందింది. జమైకాలో అకీ అనే పండును పచ్చిగా తిని జనం వాంతులతో చనిపోయేవారు. దానిదీ ఈ కుటుంబమే, ఈ విషమే. రాత్రంతా ఏమీ తినకుండా ఉన్నప్పుడు మన కాలేయం దాచుకున్న చక్కెరను కొంచెం కొంచెంగా వదులుతుంది. అది అయిపోతే కొవ్వును కరిగించి శక్తి తీసి, దాని సాయంతో కొత్త చక్కెర తయారుచేసుకుంటుంది. లిచీలోని పదార్థాలు ఈ రెండో దారిని మూసేస్తాయి. బాగా తిని పడుకున్న పిల్లకు మొదటి దారి తెల్లారేదాకా సరిపోతుంది. బక్కచిక్కిన పిల్ల, రాత్రి తినకుండా పడుకున్న పిల్ల కాలేయంలో అసలు నిల్వే ఉండదు. తెల్లవారుజామున రక్తంలో చక్కెర పడిపోతుంది, మెదడుకు తిండి అందదు. పరీక్షించిన 73 మంది జబ్బు పిల్లల మూత్రంలో 48 మందిలో ఈ పదార్థాల ఆనవాళ్లు దొరికాయి. పరీక్షించిన 15 మంది కంట్రోల్స్‌లో ఒక్కరిలోనూ లేవు. వైరస్‌ల కోసం, పురుగుమందుల కోసం చేసిన పరీక్షల్లో ఏమీ తేలలేదు.

కాబట్టి వాళ్ల సలహా సూటిగా ఉంది. పిల్లలకు రాత్రి భోజనం తప్పక అందాలి, లిచీ తగ్గించాలి, ఆసుపత్రికి రాగానే చక్కెర పరీక్షించి గ్లూకోజ్ ఎక్కించాలి. ఆ తర్వాతి కొన్నేళ్లు మరణాలు బాగా తగ్గాయి. 2019లో మళ్లీ బిహార్‌లో 150 మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు వార్తల్లో ఎక్కువగా వినిపించింది లిచీ పేరే. లిచీ రైతులు తమ పంటను బదనాం చేస్తున్నారని గొడవపడ్డారు, కారణం లిచీయేనా అని శాస్త్రవేత్తల్లో కొందరు వాదించారు. తోటలో రాలిన పండు ఏరుకుని కడుపు నింపుకున్న పిల్ల ఎవరు, ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి ఎందుకు వెలగలేదు అన్న మాట మాత్రం వెనక్కి పోయింది. వెళ్లి చూసిన విలేకరులు రాసిన కథనాల్లో ముసహర్ల, ఇతర మహాదళితుల టోలాలు పదే పదే కనిపిస్తాయి.

ఆ అధ్యయనం మీద మాకు గౌరవం ఉంది. రాత్రి అన్నం గురించి ప్రశ్న ప్రశ్నావళిలో లేకపోతే ఆకలి ఆ లెక్కలోకి వచ్చేదే కాదు. అడగని ప్రశ్నకు ఆడ్స్ రేషియో ఉండదు. అదే సమయంలో అది ప్రకటించిన ప్రధాన ఫలితాల్లో కులం అనే మాట లేదు. 3.6, 7.8 అంకెలను కూడా కొంచెం జాగ్రత్తగా చదవాలి. ప్రతి ఆడ్స్ రేషియో పక్కన ఒక అవధి ఇస్తారు, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటారు. ఈ డేటాకు సరిపోయే విలువలు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నాయో అది చెబుతుంది. 3.6కు ఆ అవధి 1.1 నుంచి 11.1 దాకా, 7.8కు 3.3 నుంచి 18.8 దాకా. రెండూ చాలా మేరకు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. తేడా ఉందని పరిశోధకులు గణాంక పరీక్షతో చెప్పారు, శరీరశాస్త్రమూ దాన్నే బలపరుస్తోంది. అయినా ఆ తేడా ఖచ్చితంగా ఇంత అని 104 జతలతో చెప్పలేం. అవధి 1ని దాటి కిందికి దిగితే, అంటే 0.8 నుంచి 3 దాకా అని ఉంటే, సంబంధం ఉందో లేదో ఆ డేటాతో తేల్చలేమని అర్థం. 'సంబంధం లేదని తేలింది' అని కాదు. ఈ రెంటికీ మధ్య తేడాను చెరిపేసే ప్రకటనలు మన కాలుష్య పోరాటాల్లో ఎన్నో చూశాం.

కంట్రోల్ ఎవరు?

మా దృష్టిలో ఈ పద్ధతిలో రాజకీయమంతా ఇక్కడే ఉంది. సూత్రం చెప్పడం సులువు. కంట్రోల్ అంటే, అతనికే ఆ జబ్బు వచ్చి ఉంటే మన కేసుల జాబితాలో చేరి ఉండేవాడు. అంటే కేసులు ఏ జనం నుంచి వచ్చారో కంట్రోల్స్ కూడా ఆ జనం నుంచే రావాలి. ఆచరణలో ఇది చాలా కష్టం.

ముజఫర్‌పూర్‌నే మళ్లీ చూడండి. కంట్రోల్స్ అవే ఆసుపత్రుల్లో ఉన్న పిల్లలు. దీనికి మంచి కారణాలున్నాయి. ఆ ఆసుపత్రి దాకా రాగలిగిన కుటుంబాలే రెండు వైపులా ఉంటాయి, రెండు వైపులా తల్లులు బిడ్డ జబ్బు చేసిన ఆందోళనలోనే ఉంటారు కాబట్టి జ్ఞాపకాలు కూడా దాదాపు ఒకే రకంగా తవ్వుకుంటారు. జబ్బు బిడ్డ తల్లి నిన్నటి ప్రతి ముద్దనూ గుర్తుచేసుకుంటుంది, ఆరోగ్యంగా ఆడుకుంటున్న బిడ్డ తల్లికి నిన్న ఏం పెట్టిందో గుర్తుండదు. దీన్ని రీకాల్ బయాస్ అంటారు. ఆసుపత్రి కంట్రోల్స్‌తో ఆ చిక్కు తగ్గుతుంది. కానీ ఇంకో చిక్కు వస్తుంది. తిండి చాలని పిల్లలు వేరే జబ్బులతో కూడా ఆసుపత్రుల్లో చేరుతుంటారు. అప్పుడు మనం ఆకలిని ఆకలితోనే పోలుస్తున్నట్టు. 2.2 అనే ఆ అంకె, ఊరిలోని పిల్లలందరితో పోల్చి ఉంటే, ఇంకా పెద్దదయ్యేదేమో అని మా అనుమానం.

ఇప్పుడు మన ఉద్దానం దగ్గరికి వద్దాం. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతంలో షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోయే కూలిపని అన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యమన్నారు. ఇదీ కారణం అని ఒక్కటి తేలలేదు. అక్కడ మనం కేస్-కంట్రోల్ అధ్యయనం చేయాలనుకుంటే కంట్రోల్స్‌ను ఎక్కడి నుంచి తేవాలి? కేసు ఉన్న వీధిలోనే పక్కింటివాళ్లను తెస్తే ఇద్దరూ తాగేది ఒకే బోరు నీళ్లు. లెక్క వేస్తే నీళ్లకు ఆడ్స్ రేషియో 1 దగ్గర తేలుతుంది. 'నీళ్లకు సంబంధం లేదు' అని రిపోర్టు వస్తుంది. పోనీ విశాఖపట్నం నుంచి తెస్తే తిండి, పని, నీళ్లు, ఆదాయం అన్నీ వేరు. దేనివల్ల వచ్చిందో చెప్పలేం. మధ్యలో ఎక్కడో, నీళ్ల వనరు మారుతూ పనీ జీవితమూ దగ్గరగా ఉండే ఊళ్ల నుంచి తేవాలి.

నొప్పి మాత్రల సంగతి ఇంకో చిక్కు. డయాలసిస్ మీదున్నవాళ్లు నొప్పి మాత్రలు ఎక్కువ వాడారని తేలిందనుకుందాం. మాత్రల వల్ల కిడ్నీ పాడైందా, కిడ్నీ లోలోపల పాడవుతూ ఒళ్లునొప్పులొచ్చి మాత్రలు మింగారా? ఏది ముందు? పైగా డయాలసిస్ కేంద్రంలో కనిపించేది అక్కడిదాకా బతికి, బస్సు చార్జీలు పెట్టుకుని రాగలిగినవాళ్లే. రాలేక ఇంట్లోనే పోయిన కూలీ మన కేసుల జాబితాలో ఉండడు. పేదవాళ్ల మరణం ఈ పద్ధతిలో ఇలా రెండోసారి మాయమవుతుంది.

ఇక మ్యాచింగ్. కేసుకూ కంట్రోల్‌కూ వయసు, ఆడా మగా ఒకేలా ఉండేట్టు జత కలుపుతారు. దానివల్ల వయసు తేడా లెక్కను తప్పుదోవ పట్టించదు. అయితే దేనితో జత కలిపామో దాని ప్రభావాన్ని ఆ అధ్యయనంలో ఇక కొలవలేం. ఇద్దరిదీ ఒకే వయసైనప్పుడు వయసు వల్ల ముప్పు ఎంత అని ఎలా చెబుతాం? ఇప్పుడు వయసు స్థానంలో కులం పెట్టి చూడండి. 'ఒకే సామాజిక నేపథ్యం' అని మాదిగ కేసుకు మాదిగ కంట్రోల్, రెల్లి కేసుకు రెల్లి కంట్రోల్ జత కలిపారంటే, కులం వల్ల ముప్పు పెరిగిందా అన్న ప్రశ్నను ఆ అధ్యయనం మొదటి రోజే మూసేసినట్టే. వీధి లెక్కన జత కలిపినా జరిగేది చాలావరకు అదే. మన ఊళ్లలో వీధి అంటే కులమే కదా. ఇలా జత కలపడం ఎప్పుడూ తప్పని మేము అనడం లేదు. వాడలో ఉన్న ఇద్దరిలో ఒకరికే జబ్బు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలంటే అదే సరైన దారి. మా రక్తహీనత అధ్యయనంలో మేము చేసిందీ అదే. కానీ వాడకు ఎందుకు ఎక్కువ వస్తోంది అన్న ప్రశ్నకు ఆ డేటా పనికిరాదు. ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు అతికించడమే మోసం.

ఇంకో చోట కూడా కులం ఇలాగే జారిపోతుంది. కులం వల్ల వాడ ఊరికి దూరంగా ఉంది. వాడ అక్కడ ఉన్నందువల్ల నీళ్లు పాడు. నీళ్లు పాడైనందువల్ల జబ్బు. విశ్లేషణలో నీళ్లను, ఇంటిని, ఆదాయాన్ని, చదువును అన్నిటినీ 'సర్దుబాటు' చేసి, ఆ తర్వాత కులానికి ఆడ్స్ రేషియో చూస్తే 1 దగ్గర ఉంటుంది. 'కులానికి ఆరోగ్యంతో స్వతంత్ర సంబంధం లేదు' అని రాస్తారు. కులం పనిచేసే దారులన్నిటినీ ఒక్కొక్కటిగా తీసేసి, మిగిలిందేమీ లేదంటే ఎలా? పీహెచ్‌డీ సెమినార్లలో ఈ వాక్యం మేము విన్నాం, తలూపినవాళ్లనూ చూశాం. మొదట్లో మేమూ తలూపాం. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కనీసం ఎస్సీ, ఎస్టీ వర్గాల వారీగా అంకెలు ఇస్తుంది. జబ్బు ప్రబలినప్పుడు హడావుడిగా తయారయ్యే ప్రశ్నావళిలో ఆ గడి కూడా ఉందో లేదో చూసి అడగాల్సింది మనమే. ఉన్నా, 'ఎస్సీ' అని ఒకే ముద్దగా ఉందా, ఉపకులం రాశారా అన్నది ఇంకో ప్రశ్న.

కాబట్టి మీ ఊరికి అలాంటి బృందం వచ్చినప్పుడు, లేదా వచ్చి వెళ్లాక రిపోర్టు మీ చేతికి వచ్చినప్పుడు, చివరి పేజీలోని తీర్పు కన్నా ముందు పద్ధతి రాసిన పేజీ చదవండి. కేసు అని ఎవరిని అన్నారు, చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లారా, కంట్రోల్స్‌ను ఏ వీధి నుంచి తెచ్చారు, దేనితో జత కలిపారు. ప్రశ్నావళి ప్రతి ఇవ్వమని అడగండి. సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకు కూడా.

ప్రశ్న ఎలా అడిగారన్నది కూడా చూడాలి. ఈ విషయంలో మా తప్పే చెప్పుకుంటాం. 'రోజుకు ఎన్ని పూటలు తింటారు?' అని మా ప్రశ్నావళిలో ఉంది. వాడలో దాదాపు ప్రతి ఇంట్లోనూ 'మూడు పూటలు' అనే చెప్పారు. బయటివాళ్ల ముందు ఎవరైనా ఏం చెబుతారు? అంకెలు వేసుకుని చూస్తే కేసులకూ కంట్రోల్స్‌కూ తేడాయే లేదు. తిండికి సంబంధం లేదని రాసుకోబోయాం.

ఈ వేసవిలో మళ్లీ వెళ్లినప్పుడు ముందు ఆ ప్రశ్న అడిగిన ఆమె ఇంటికే వెళ్లాం. ఆమెను ఎందుకు అడిగామో ఈసారి కూర్చుని చెప్పాం. టీ ఉదాహరణ చెప్పాం. ఆమె విని, పక్క ఇంటివైపు చూపించి అంది: "మూడు పూటలని చెప్తది సారూ, ఆమె అట్లనే చెప్తది. అత్త, మొగుడు, పిల్లలు తిన్నంక గిన్నెల ఏం మిగిలిందో అడిగిన్రా? మా ఇంట్ల నేను, మా ఆయన ఒక్కసారే కూసుంటం."

అడగలేదు. ఇప్పుడు ప్రశ్నావళిలో 'ఎన్ని పూటలు' తీసేశాం. దాని చోట రెండు ప్రశ్నలు చేర్చాం: నిన్న రాత్రి ఇంట్లో చివరగా ఎవరు తిన్నారు, వాళ్లకు కూర మిగిలిందా. కేసులనూ కంట్రోల్స్‌నూ మొదటి నుంచీ మళ్లీ అడుగుతున్నాం.